డ్రిల్ రైఫిల్స్ సేకరించాలనుకుంటున్న వంశీకి

చిరంజీవి వంశీకి ఆశీస్సులు.

పాప అక్కడి హైస్కూల్లో జేఆర్‌ఓటీసీ (మన ఎన్‌సీసీలాంటి అమెరికా సైనిక శిక్షణ) డ్రిల్ టీమ్‌లో చేరాక నీకు కవాతు రైఫిళ్ల మీద మనసు పడిందని మీ అమ్మ చెప్పింది. మంచి వ్యాపకమే. కాకపోతే డబ్బు పెట్టేముందు రెండు రకాలను విడదీసి చూడడం నేర్చుకో. ఒకటి, పుట్టుకతోనే పేలనిది. రెండోది, ఒకప్పటి అసలు తుపాకీని తర్వాత పేలకుండా చేసింది. మన ఎన్‌సీసీలో ‘డీపీ’ (డ్రిల్ పర్పస్, అంటే కవాతుకు మాత్రమే) ముద్రతో కనిపించే త్రీ నాట్ త్రీ రైఫిళ్లు ఈ రెండో రకమే.

నువ్వు మొదటి రకంతోనే మొదలుపెట్టు. అందులో ముందు వెతకాల్సింది అయోవా రాష్ట్రం క్లారిండాలో ప్యారిస్-డన్ కంపెనీ రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నౌకాదళానికి చేసిన మార్క్ 1 శిక్షణ రైఫిల్. అసలు రైఫిళ్లు యుద్ధానికే చాలక, కొత్తగా చేరినవాళ్లకు కవాతు నేర్పడానికి అమెరికా సైన్యపు 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ పోలికతో వీటిని చేశారు. బోల్ట్ (తూటా ఎక్కించడానికి వెనక్కీ ముందుకీ లాగే కడ్డీ) కదులుతుంది, ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటుంది, అంతే. దీనికోసం ప్లాస్టిక్ అలుగుతో శిక్షణ బాయొనెట్ (రైఫిల్ కొనకు తగిలించే కత్తి) కూడా చేశారు. అది విడిగా దొరికితే వదలకు.

కొనేటప్పుడు ముందుగా చూడాల్సింది ట్రిగ్గర్ వెనక స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) సన్నబడే చోటు. ‘ఆర్డర్ ఆర్మ్స్’ అని రైఫిల్‌ను పక్కన నిలబెట్టమన్నప్పుడల్లా దాని మడమ, అంటే స్టాక్ అడుగు, నేలకు తగులుతుంది, ఆ దెబ్బంతా అక్కడికే చేరుతుంది. రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మెలిపెట్టు. కిర్రుమన్నా, వెంట్రుకంత గీత విచ్చుకున్నా ధర తగ్గించమను. మడమ కింది మూల చెక్క లేచిపోవడం మామూలే, దానికి భయపడనక్కర్లేదు. బోల్ట్, స్లింగ్ (భుజానికి వేసుకునే పట్టీ) తగిలించే కొక్కాలు, మడమ రేకు ఉన్నాయో లేదో చూసుకో. పోయిన భాగం విడిగా దొరకడం కష్టం. లోహం మీది ముద్ర అక్షరాల అంచులు పదునుగా ఉండి చుట్టూ లోహం అరిగిపోయి ఉంటే, అది ఈమధ్య కొట్టిన ముద్ర అని అనుమానించు.

రెండో రకంలో అమెరికా సైన్యం పేలకుండా మార్చిన 1903 స్ప్రింగ్‌ఫీల్డ్‌లు దొరుకుతాయి. బ్యారెల్‌ను (గొట్టాన్ని) రిసీవర్‌కు, అంటే బోల్ట్ కదిలే ఉక్కు అరకు, వెల్డ్ చేసి, బ్యారెల్లో ఇనుప కడ్డీ దిగ్గొట్టి, బోల్ట్ ముఖం మీద ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) రంధ్రం మూసేశారు. అయినా చట్టం దృష్టిలో అది ఆయుధమే కావచ్చు. లైసెన్సున్న డీలర్ ద్వారానే కొను, కాగితాలు దాచుకో. ఆ వెల్డింగ్ విప్పిస్తానని ఎవడైనా అంటే వాడి గుమ్మం తొక్కకు. వెల్డింగ్ వేడికి ఉక్కు గుణం మారిపోతుంది, అది పేలిస్తే ముఖం మీదే పగలొచ్చు.

ఇప్పుడు తయారయ్యే నకలు రైఫిళ్ల గొట్టం కొనకు నారింజ రంగు మూత ఉంటుంది. 1989 నుంచి అమెరికాలో అది చట్టం. అందం కోసం పీకొద్దు. వీధిలోకి ఏ రైఫిల్ తీసినా మూసిన సంచిలోనే తీయి. దూరం నుంచి చూసే పోలీసుకు చెక్కా ఉక్కూ తేడా తెలియదు.

ఇక సంరక్షణ. గరుకు కాగితంతో రుద్దడం, వార్నిష్ కొట్టడం ఈ రెండూ సేకరణకు శత్రువులు. ఎనభై ఏళ్లుగా చేతులు రాసుకుని వచ్చిన నునుపు ఒక్క పూటలో పోతుంది, ధరా దాంతోనే పోతుంది. చెక్కను తడి పిండేసిన గుడ్డతో తుడిచి, ఆరాక నాలుగైదు చుక్కల అవిసె నూనె అరచేత్తో మర్దన చెయ్యి. నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయకు, దానంతటదే అంటుకుంటుంది. ఆరుబయట పరిచి ఆరబెట్టు, లేదా నీళ్ల డబ్బాలో వెయ్యి. తుప్పు ఉంటే నూనెలో తడిపిన నాలుగు సున్నాల (0000, అతి సన్నని రకం) స్టీల్ ఉన్నితో, ఒత్తిడి లేకుండా రుద్దు. నల్లటి పూత కనబడగానే ఆపెయ్యి.

పగులు అతికించాలంటే ముందు అసిటోన్‌తో లోపలి పాత నూనె తీసెయ్యి. చాలామంది ఈ పని చేయరు, అందుకే జిగురు పట్టదు. ఆ తర్వాత పల్చటి ఎపాక్సీ దింపి, సైకిల్ ట్యూబ్ ముక్కతో బిగించి చుట్టి ఒక రోజంతా కదపకు. తోలు స్లింగ్ మాత్రం రైఫిల్‌కే వదిలేయకు. తోలు తగిలిన ఇత్తడి పచ్చబడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది.

హైదరాబాద్ వచ్చేటప్పుడు వీటిలో ఏదీ సామానులో పెట్టకు. నమూనా తుపాకీని విమానంలో చేతి సంచిలో అసలే ఒప్పుకోరు, కస్టమ్స్ దగ్గర నీకు అనవసరపు తంటా. ఫొటోలు పంపు చాలు. పక్క నుంచి దీపం వేసి ముద్రలను దగ్గర నుంచి తీయి, వెలుగు ఎదురుగా పడితే అక్షరాలు కనిపించవు.

పెదనాన్న