పిల్లలు, యవ్వనస్తులు, పెద్దవాళ్ళు అందరూ కలిసి ఒకే ఆరాధన: 90 మంది సంఘంలో ఎలా నడపాలి?

మీరు అడిగింది ఇది. సంఘం 90 మంది, అందులో 30 మంది దాకా పిల్లలు. పాటలు అవగానే పిల్లలు సండే స్కూలుకి వెళ్ళిపోతారు, యవ్వనస్తులు గేటు దగ్గరే ఉండిపోతారు, పెద్దవాళ్ళకు స్పీకర్ల మోత పడటం లేదు. నెలకొకసారి అందరూ కలిసి ఆరాధిద్దామని ఒక ఆదివారం పెట్టి చూశారు. రెండు యాక్షన్ సాంగులు, కంఠత వాక్యాలు, బైబిల్ క్విజ్, ఆ తర్వాత 45 నిమిషాల ప్రసంగం. చివరికి గోలగోల అయింది. మళ్ళీ పెట్టాలా వద్దా అని కమిటీ తేల్చుకోలేకపోతోంది.

పెట్టండి. కానీ ఆ కార్యక్రమాన్ని మాత్రం పక్కన పెట్టేయండి. ఆ రోజు మొదటి అరగంట పిల్లలు చేస్తుంటే పెద్దలు చూశారు. మిగతా గంట పెద్దలు చేస్తుంటే పిల్లలు చూడాల్సి వచ్చింది. ఒకే కప్పు కింద రెండు కూటాలు జరిగాయన్నమాట. పిల్లలకు ఆరాధనలో ప్రదర్శన ఇవ్వకండి, పని ఇవ్వండి. పెద్దవాళ్ళకూ అంతే. పని ఉన్నవాళ్ళు అల్లరి చేయరు, కునికిపాట్లు పడరు.

కమిటీలో ఎవరైనా "పిల్లలకు సండే స్కూలు ఉందిగా" అంటే ద్వితీయోపదేశకాండం 31:12, యోవేలు 2:16 చదివి వినిపించండి. మొదటిదానిలో ధర్మశాస్త్రం వినడానికి పురుషుల్ని, స్త్రీలను, పిల్లల్ని, ఊళ్ళో ఉన్న పరదేశుల్ని కూడా పోగుచేయమని ఉంది. రెండోదానిలో చంటిబిడ్డల్ని కూడా తీసుకురమ్మని ఉంది. అసలు సండే స్కూలు అంత పేరు తెచ్చుకున్నది 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టిన బడులతో. వారంలో ఆరు రోజులు పనికి వెళ్ళే పేద పిల్లలకు ఆదివారం చదువు చెప్పడానికి పెట్టారు. ఆరాధనలోంచి పిల్లల్ని బయటికి పంపడానికి పెట్టింది కాదు. అలాగని సండే స్కూలు ఎత్తేయమని నేననను. మిగతా వారాల్లో వీలైతే ఆరాధనకు ముందు 9 గంటలకు పెట్టుకోండి. అందరూ కూడే ఆదివారం బాధ్యత మాత్రం సండే స్కూలు టీచర్ల మీద వేయకండి. నెలలో వాళ్ళు నింపాదిగా కూర్చుని వాక్యం వినేది ఆ ఒక్క రోజే.

ముందుగా ఏ ఆదివారమో ఖాయం చేసుకోండి. చాలా సంఘాలు "అయిదో ఆదివారం" అంటాయి, అక్కడే దెబ్బ తింటాయి. అయిదో ఆదివారం ఏడాదికి నాలుగైదు సార్లకు మించి రాదు, అలవాటు పడేలోపే అందరూ మరిచిపోతారు. మీకు ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం) మొదటి ఆదివారమైతే మూడో ఆదివారం తీసుకోండి. కొత్త పద్ధతి, ప్రభు బల్ల రెండూ ఒకే రోజు పెట్టుకుంటే సమయం చాలదు, పెద్దలకు చిరాకూ పెరుగుతుంది. మూడు నాలుగు నెలలు గడిచాక ప్రభు బల్ల ఆదివారం కూడా అలా చేయొచ్చు. అప్పుడు బాప్తిస్మం గానీ కన్ఫర్మేషన్ (తన విశ్వాసాన్ని సంఘం ముందు తానే ఒప్పుకోవడం) గానీ కాని పిల్లల్ని వరుసలోంచి వెనక్కి పంపకండి. వాళ్ళమ్మతో పాటే వచ్చి మోకరిస్తే పాస్టరు గారు తలమీద చెయ్యి ఉంచి ఆశీర్వదించాలి. నిర్గమ 12:26లో పస్కా ఆచారం ఏమిటని పిల్లలే అడుగుతారు. బల్ల దగ్గర ఏం జరుగుతోందో కళ్ళారా చూసిన బిడ్డే ఇంటికెళ్ళి అలా అడుగుతుంది.

మొత్తం సమయం 75 నిమిషాలు, అంతకు మించొద్దు. నేను చెప్పే లెక్క: పాటలు 12, మొదటి ప్రార్థన 4, వాక్య పఠనం 6, ప్రసంగం మొదటి భాగం 8, గుంపుల్లో మాట్లాడుకోవడం 7, ప్రసంగం రెండో భాగం 8, విజ్ఞాపనలు (ఇతరుల కోసం చేసే ప్రార్థనలు) 8, కానుక 5, ప్రకటనలు 3, చివరి పాట, ఆశీర్వాదం 6. కూడితే 67 వస్తుంది. మిగిలిన ఎనిమిది నిమిషాలు ఎలాగూ జారిపోతాయి. ఏ ఒక్క భాగమూ కూర్చున్నచోట ఎనిమిది నిమిషాలు దాటకూడదన్నది అసలు సూత్రం. దీన్ని ఎక్కువగా చెడగొట్టేవి ప్రకటనలు. మైకు చేతికొస్తే మూడు నిమిషాలు పదిహేనవుతాయి కాబట్టి కాగితం మీద రాసి ఒక్కరే చదవాలి.

కూర్చునే ఏర్పాటు సగం సమస్యను తీరుస్తుంది. మన దగ్గర మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. దాంతో పిల్లలంతా తల్లుల మీద పడతారు, తండ్రులు చేతులు ఖాళీగా పెట్టుకుని వాక్యం వింటారు. ఈ పద్ధతిని ఒక్కరోజులో మార్చబోతే పెద్దావిడలు బాధపడతారు, మార్చక్కర్లేదు కూడా. అయిదేళ్ళు దాటిన పిల్లలు తండ్రితోనో తాతతోనో మగవాళ్ళ వైపు కూర్చోవాలని చెబితే చాలు. పిల్లల జంబుఖానా అన్నిటికంటే ముందు పరవండి. వెనక కూర్చోబెడితే వాళ్ళకు కనిపించేది వీపులే, ఇక ఆట మొదలుపెట్టక ఏం చేస్తారు? చంటిబిడ్డల తల్లులకు పక్క తలుపు దగ్గర చోటివ్వండి, ఏడిస్తే లేచి వెళ్ళడం తేలిక. పాలివ్వడానికి లోపలే ఒక మూల తెర కట్టి కుర్చీ, ఫ్యాను పెట్టండి. బయట వేరే గదికి పంపితే ఆమె ఆరాధన అక్కడితో అయిపోయినట్టే. పెద్దవాళ్ళకు చేతులున్న కుర్చీలు కావాలి, చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలోంచి మోకాళ్ళ నొప్పులతో లేవడం చాలా కష్టం. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళుంటే ర్యాంపు వాలు 1:12 ఉండాలి. ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే 18 అడుగుల పొడవన్నమాట. అంత చోటు లేక నిటారుగా కడితే బండి వెనక్కి దొర్లుతుంది. అలాంటప్పుడు మెట్లు తక్కువున్న పక్క తలుపు చూసుకోండి.

స్పీకర్ల సంగతి. హాలు చిన్నదైతే మైకు ఒక్క వాక్యానికే చాలు, పాటలకు అక్కర్లేదు. చివరి వరుసలో కూర్చుంటే పక్కనున్నవాళ్ళు పాడేది వినపడాలి. వినపడలేదంటే శబ్దం ఎక్కువైనట్టు. వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్ళకు, ఆటిజం ఉన్న పిల్లలకు ఆ మోత తట్టుకోలేనంత బాధ.

పాటల్లో మన కీర్తన పద్ధతి గొప్ప వరం. నడిపించేవాళ్ళు చరణం పాడితే పల్లవి అందరూ అందుకుంటారు. చదవడం రాని అవ్వ, ఇంకా అక్షరాలు నేర్వని మనవడు ఇద్దరూ పాడగలరు. తెర మీద సాహిత్యం వేసి ఊరుకుంటే వీళ్ళిద్దరూ బయటపడిపోతారు, కంట్లో శుక్లాలున్నవాళ్ళూ అంతే. పాటలు మూడే పెట్టుకోండి, వాటిలో ఒకటి పెద్దవాళ్ళకు కంఠతా వచ్చినదై ఉండాలి. కీబోర్డు వాయించే అబ్బాయి ముందు పాడేవారి గొంతుకు తగ్గ శ్రుతి పెడతాడు, అది పెద్దవాళ్ళకు అందదు. ఒకటి రెండు మెట్లు దించమనండి. కంజర ఒక పదేళ్ళ పిల్లకిచ్చి తబలా వాయించే పెద్దాయన పక్కన కూర్చోబెట్టండి. నలుగురైదుగురికి తాళాలు పంచిపెడితే మాత్రం పాట మునిగిపోతుంది.

వాక్య పఠనం దగ్గర ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. ఇంగ్లీషు మీడియం పిల్లలు చాలామంది తెలుగు చదవలేరు. హైదరాబాద్‌లో ఎంతో, డాలస్‌లో ఉన్న తెలుగు సంఘంలోనూ అంతే. అక్కడికక్కడ బైబిల్ చేతికిచ్చి చదవమంటే గ్రాంథికం మాటల దగ్గర తడబడి అందరి ముందూ చిన్నబుచ్చుకుంటారు, మళ్ళీ రమ్మంటే రారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తే ఆ రోజుకి గడుస్తుంది, అంతే. దానికి బదులు వారం ముందే భాగం ఇచ్చేయండి, ఎనిమిది వచనాలు మించకుండా. ఒక పెద్దవారికి, ఒక పిల్లకో పిల్లాడికో జత కలపండి. వారంలో రెండు సార్లు, ఇరవయ్యేసి నిమిషాలు, ఆయన చదివి వినిపిస్తూ నాలుగు వచనాలు నోటికి నేర్పాలి. ఆదివారం ఇద్దరూ పక్కపక్కన నిలబడి, నాలుగు ఆయన చదవాలి, నాలుగు ఆ బిడ్డ చెప్పాలి.

మొదటి నెలకు 136వ కీర్తన తీసుకోండి. 26 వచనాలు, ప్రతిదాని చివరా "ఆయన కృప నిరంతరముండును" అనే మాటే. ఒక యవ్వనస్తురాలు మొదటి సగం చదివి చెయ్యి పైకెత్తాలి, చెయ్యి లేవగానే సంఘమంతా ఆ మాట చెప్పాలి. మూడో వచనానికల్లా నాలుగేళ్ళవాడికి కూడా పట్టుబడుతుంది, పదో వచనానికి గోడవారనున్న ముసలమ్మ కళ్ళు మూసుకుని చెబుతుంటుంది. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. చదివే అమ్మాయి ఆగి ఆగి చదవకూడదు, ఆగితే ఊపు పోతుంది.

ప్రసంగానికి ఒకే భాగం, ఒకే మాట. వస్తువులు చూపించి చెప్పేటప్పుడు జరిగే పొరపాటు ఏమిటంటే, అయస్కాంతాన్ని చూపించి దేవుని ప్రేమ అంటారు. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకు పోలిక అందదు, అయస్కాంతమే గుర్తుంటుంది. కథలోనే ఉన్న వస్తువు తేవాలి. లూకా 15:8 తీసుకోండి, పోయిన నాణెం. పది రూపాయల బిళ్ళలు పది, ఒక దీపం, ఒక చీపురు. కిటికీలు మూసి లైట్లు ఆర్పాలి. ఒక పెద్దావిడ దీపం పట్టుకోవాలి, ఇద్దరు పిల్లలు ఊడవాలి. నాణెం ముందే ఒక కుర్చీ కాలి పక్కన పెట్టి ఉంచండి, మరీ లోపల దాస్తే వెతుకులాట పది నిమిషాలు సాగి ప్రసంగం చెదిరిపోతుంది. చీపురుకు తగిలి బిళ్ళ గలగలమన్న క్షణంలో ఎవరూ మాట్లాడకండి. ఒక్క నిమిషం ఆగి, అప్పుడు ఆ వచనం చదవండి.

తర్వాత నలుగురైదుగురు కలిసి కూర్చోవాలి, ప్రతి గుంపులో కనీసం రెండు తరాలుండాలి. ప్రశ్న ఎవరైనా జవాబు చెప్పగలిగేది కావాలి: "మీ ఇంట్లో ఏదైనా పోతే ఎక్కువసేపు వెతికేది ఎవరు? దొరికాక ఏం చేస్తారు?" క్విజ్ వద్దంటున్నది అందుకే. అదే ముగ్గురు పిల్లలు గెలిచి చాక్లెట్లు తీసుకుంటారు, మిగతావాళ్ళు ఆశ వదిలేస్తారు, పెద్దలు మళ్ళీ చూసేవాళ్ళే అవుతారు. గుంపులు నడిపే పని యవ్వనస్తులకు ఇవ్వండి. వాళ్ళకు మైకు సెట్టు, లైవ్ వీడియో మాత్రమే ఇస్తే ఆరాధనలోంచి తీసి వైర్ల దగ్గర కూర్చోబెట్టినట్టే. ఆ పని వంతులవారీగా తిరగాలి, ఒకరికి నెలకొక్కసారే.

విజ్ఞాపనలు ఒక్క పెద్దాయనే పది నిమిషాలు చేయకుండా, అయిదుగురు రెండేసి వాక్యాల్లో చేయాలి. కానుక సంచి పిల్లలు పట్టుకోవచ్చు, పక్కన ఒక పెద్దవారుండాలి. పిడికెడు బియ్యం అలవాటున్న సంఘమైతే ఆ నెలంతా ఇంట్లో వంటకు ముందు పిడికెడు తీసి డబ్బాలో వేసే పని బిడ్డకు అప్పజెప్పమనండి. ఆదివారం ఆ డబ్బా తనే తెచ్చి బల్ల దగ్గర పెడుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దీనికి "కుటుంబ ఆరాధన" అని పేరు పెట్టకండి. భర్త పోయిన ఆవిడ, పెళ్ళికాని నలభై ఏళ్ళ వ్యక్తి, ఇంట్లో ఎవరూ నమ్మకపోయినా ఒక్కతే గుడికొచ్చే కోడలు, పిల్లల్లేని దంపతులు ఉంటారు. కుటుంబాలవారీగా ముందుకొచ్చి నిలబడమంటే వీళ్ళందరి గుండె కలుక్కుమంటుంది. "సంఘమంతా కూడే ఆరాధన" అనండి. ఎవరూ వెంట లేకుండా వచ్చే పిల్లల్ని ఇలాంటి పెద్దలకే జత కలపండి. ఆ జతలు మాత్రం అందరి కళ్ళెదుటే కలవాలి. ఏ బిడ్డతోనూ ఒకే పెద్దవారు తలుపు మూసిన గదిలో ఉండకూడదు, బాత్రూముకు తీసుకెళ్ళేది తల్లో తండ్రో, లేదా ఇద్దరు పెద్దలు. ఎంత నమ్మకస్తుడైనా సరే, పాస్టరు గారైనా సరే. ఏదైనా జరిగిందని తెలిస్తే సంఘంలో సర్దుబాటు చేయడం కుదరదు, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 గోడ మీద, పిల్లల కంటికి అందే ఎత్తులో రాయించండి.

తయారీకి అయిదుగురు చాలు: పదకొండేళ్ళ బిడ్డ ఒకరు, యవ్వనస్తులొకరు, చంటిబిడ్డ తల్లి, నడివయసు మగాయన, 65 దాటిన పెద్దవారు. రెండు వారాల ముందు వాక్యభాగం, పాటలు తేల్చాలి. శనివారం సాయంత్రం హాల్లోనే అరగంట నడిచి చూసుకోవాలి, ఎవరు ఎక్కడినుంచి లేస్తారు, మైకు ఎవరు అందిస్తారు అన్నంతవరకు. మొదటి రెండు నెలలు ఏడుపులు వినిపిస్తాయి, వెనక్కి తిరిగి గుర్రుగా చూసేవాళ్ళూ ఉంటారు. అలా చూసే పెద్దాయనకే తలుపు దగ్గర నిలబడి ప్రతి బిడ్డనూ పేరుపెట్టి పలకరించే పని ఇవ్వండి. పేరు తెలిసిన బిడ్డ ఏడుపు అంత విసుగనిపించదు. సాగాలా ఆగాలా అన్నది ఆరు నెలలయ్యాకే కమిటీలో పెట్టండి.

ఆరాధన తర్వాత భోజనం ఉంటే మంచిది, పులిహోర ఒక్కటి చాలు. 60 మంది పెద్దలకు మనిషికి 120 గ్రాములు, 30 మంది పిల్లలకు 60 గ్రాముల చొప్పున బియ్యం 9 కిలోలు, చింతపండు 800 గ్రాములు. పసిపిల్లలకు, పెద్దవాళ్ళకు మిరపకాయలు వేయని పెరుగన్నం ఒక గిన్నె విడిగా ఉంచండి. పిల్లల బంతి వేరే వేయకండి, అందరినీ కలిపే కూర్చోబెట్టండి. వడ్డన మాత్రం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.