యుద్ధపు ఆటలతో భూగోళం నేర్పబోతున్న మా అబ్బాయికి

చిరంజీవి రవికి పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం, ఉభయకుశలోపరి.

ఈ వేసవిలో మన ఊరి హైస్కూలు పిల్లలకు యుద్ధ వ్యూహాల ఆటలతో ప్రపంచ భూగోళం నేర్పబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఏళ్ల తరబడి సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి కనుక గర్వంగానే ఉంది, గుబులుగానూ ఉంది. కంప్యూటరుకు ఇద్దరేసి పిల్లలను కూర్చోబెట్టు, గంట దాటనివ్వకు.

నీ ఆలోచనలో పస ఉందని ఒప్పుకుంటాను. మధ్యధరా సముద్రానికి రెండు వాకిళ్లు సూయజ్, జిబ్రాల్టర్ అని నేను బల్ల గుద్ది చెప్పినా పరీక్ష అయిన మర్నాడే మరిచిపోయే పిల్లలు, కంప్యూటరు యుద్ధపు ఆట హార్ట్స్ ఆఫ్ ఐరన్‌లో తమ నౌకాదళం మధ్యధరా సముద్రంలోనే చిక్కుబడిపోతే ఆ రెండు పేర్లనూ జన్మలో మరిచిపోరు. అయితే ఆటలోని పటాన్ని అట్లాసు అనుకోనివ్వకు.

మీ నాన్న ఈ సంగతి నీకు చెప్పి ఉండడు. చదువుకునే రోజుల్లో వాడికి ప్రపంచ పటం వేసిన అట్ట మీద ఆడే రిస్క్ ఆట పిచ్చి. 1957లో ఫ్రాన్సులో పుట్టిన ఆ ఆటలో లోకమంతా 42 ముక్కలే, కమ్చట్కా నుంచి అలాస్కాకు ఒక గీత. ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూలో రష్యా, అమెరికా ఎక్కడ దగ్గరవుతాయని అడిగితే, కమ్చట్కా దగ్గర అని తడుముకోకుండా చెప్పేశాడు. అలాస్కాకు ఎదురుగా ఉన్నది రష్యా ఈశాన్యపు కొస చుకోట్కా. కమ్చట్కా దానికి నైరుతిగా ఎంతో దూరం. చుకోట్కాను, అలాస్కాను విడదీసే బేరింగ్ జలసంధి ఇరుకైన చోట సుమారు 85 కిలోమీటర్లు; నడుమ రెండు డియోమీడ్ దీవులు, ఒకటి రష్యాది, ఒకటి అమెరికాది. వాటి మధ్య నిండా 4 కిలోమీటర్లు లేకపోయినా అంతర్జాతీయ దినరేఖ అటుగా పోవడం వల్ల తేదీలు వేరు. ఎంత చక్కని జవాబు చేజారిపోయిందో చూడు! ఐరోపా రష్యా యావత్తూ ఉక్రెయిన్ అని కూడా ఆ అట్టే వాడికి నేర్పింది. ఉద్యోగం పోతే పోయింది, వాడు మళ్లీ పటం ముట్టలేదు. అంత చురుకైన పిల్లవాడికి భూగోళం మీదే మనసు విరిగిపోయిందని నాకు ఇప్పటికీ బాధ. అందుకే ప్రతి బల్ల మీదా అట్లాసు, గదికి ఒక గ్లోబు ఉండి తీరాలి. ఖర్చని నసగకు, డబ్బు నేను పంపుతాను.

నది సంగతీ చెప్పాలి. ఆటలో నది దాటి దాడి చేస్తే సైన్యానికి బలం తగ్గుతుంది, అంతే. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కినవాళ్లం, 1986 ఆగస్టు వరద చూసినవాళ్లం, నదిని నీలిగీత అనుకోలేము. గెలిచిన ప్రతి చోటా ఏ నది పారుతుందో, ఏ పంట పండుతుందో, ఏ భాష మాట్లాడతారో నోటుపుస్తకంలో రాయించాకే తరువాతి ఎత్తు వేయనివ్వు. లేకపోతే ఊళ్లన్నీ వాళ్లకు ఆక్రమించుకోవడానికే కనిపిస్తాయి.

మొదటి రోజు ఐరోపా జోలికి పోకు, బంగాళాఖాతం పటం తెరువు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయని మీ తాతగారు చెబుతుండేవారు. అంత దూరపు జపాను ఇక్కడికి ఎలా వచ్చిందని పిల్లలనే అడుగు. ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూను, అదే నెలలో అండమాన్ దీవులు, ఆపైన విమానాలను మోసుకొచ్చే నౌక: వాళ్లే వేలు జరుపుకుంటూ కాకినాడ దాకా రావాలి. నువ్వు ముందుగా చెప్పేయకు.

ఇట్లు,
మీ పెదనాన్న