చేప తిన్న అరగంటకే ముఖం ఎర్రబడితే ఎలర్జీయేనా?

ప్రశ్న: నా వయసు 34. చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. పోయిన ఆదివారం సాయంత్రం బెసంట్ నగర్‌లో, ఇలియట్స్ బీచ్ దగ్గరున్న ఓ చేపల హోటల్లో తిన్నాం. నేనూ మా మరిదీ సూర చేప (ట్యూనా) వేపుడు తిన్నాం, మావారూ పాపా రొయ్యలు తిన్నారు. బిల్లు కట్టి బీచ్ వైపు నడుస్తుండగానే నాకు ముఖం, మెడ ఎర్రబడి మంట మొదలైంది. తలనొప్పి, గుండెదడ, చేతుల మీద దద్దుర్లు. మరిదికి చెవులు ఎర్రబడి తల దిమ్ముగా అయింది. తెల్లారేసరికి ఇద్దరికీ తగ్గింది. నెల్లూరులో చేపలు తింటూ పెరిగినదాన్ని. ఇప్పుడు కొత్తగా ఎలర్జీ వచ్చిందా? చేపలు మానేయాలా?

జవాబు: మీరు రాసినవాటిలో నాకు బాగా పనికొచ్చింది మీ మరిది చెవుల సంగతి. ఎలర్జీ ఎవరి ఒంటి తత్వాన్ని బట్టి వాళ్లకి వస్తుంది. ఒకే చేప తిన్న ఇద్దరికీ ఒకేసారి ముఖాలు ఎర్రబడి, రొయ్యలు తిన్నవాళ్లకి ఏమీ కాలేదంటే అనుమానించాల్సింది ఆ చేపనే. పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఇది హిస్టమిన్ విషప్రభావంలా ఉంది. వైద్యంలో స్కాంబ్రాయిడ్ అంటాం.

సూర, కానాగంతలు, కవళ్లు లాంటి ముదురు రంగు కండ ఉన్న చేపల్లో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప చచ్చాక వెంటనే ఐసులో పెట్టకపోతే బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఎలర్జీ వచ్చినప్పుడు మన ఒంట్లో విడుదలయ్యేదీ ఈ హిస్టమినే. అందుకే రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకసారి తయారైన హిస్టమిన్ వేయించినా, ఉడికించినా, ఫ్రీజర్లో పెట్టినా పోదు. చేప వాసన రాకపోయినా అది ఉండొచ్చు. కొందరికి నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది. చెన్నై వేపుడు మసాలాలో ఆ చురుకు ఎవరికి తెలుస్తుంది!

మళ్లీ ఇలా అయితే తినడం ఆపి, పెద్దవాళ్లయితే సెట్రిజిన్ 10 మి.గ్రా. మాత్ర ఒకటి వేసుకోండి. మగత వస్తుంది, బండి నడపొద్దు. గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. గొంతు బిగుసుకోవడం, గొంతు మారడం, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మాత్రతో కాలక్షేపం చేయకుండా 108కి ఫోన్ చేయండి. అది హిస్టమినా ఎలర్జీనా అని అక్కడ తేల్చుకోవాల్సిన పని లేదు. రెండిటికీ ముందు ఇవ్వాల్సింది తొడలో అడ్రినలిన్ ఇంజెక్షనే.

మిగిలిన చేప ముక్కని కవర్లో కట్టి ఫ్రీజర్లో దాచితే ల్యాబ్‌లో హిస్టమిన్ కొలవచ్చు. ఆస్పత్రికి వెళ్తే, లక్షణాలు మొదలైన మూడు గంటల్లోపే ట్రిప్టేజ్ రక్తపరీక్ష చేయమని అడగండి. తీవ్రమైన ఎలర్జీలో రక్తంలో ట్రిప్టేజ్ సాధారణంగా పెరుగుతుంది, చేపలోని హిస్టమిన్ వల్ల వచ్చిన ఇబ్బందైతే పెరగదు. మీకు ఆ సమయం దాటిపోయింది కాబట్టి, నాలుగైదు వారాలాగి ఎలర్జీ నిపుణుల దగ్గర చేపకి స్కిన్ ప్రిక్ (చర్మం మీద చిన్నగా గుచ్చి చూసే) పరీక్ష చేయించుకోండి. దానికి వారం ముందు నుంచి సెట్రిజిన్ లాంటి మాత్రలు వేసుకోకూడదు. అది తేలేదాకా సూర చేప తినొద్దు, ఇంట్లో కొంచెం తిని చూద్దామనే ప్రయోగమూ వద్దు.

ఇంకో మాట. ఇంట్లో ఎవరైనా టీబీకి ఐసోనియాజిడ్ వాడుతుంటే ఈ జాతి చేపలకి దూరంగా ఉండాలి. హిస్టమిన్‌ని అరిగించే ఎంజైమ్‌ని ఆ మందు అడ్డుకుంటుంది. పక్కవాళ్లకి ఏమీ చేయని ముక్క కూడా వాళ్లని ఆస్పత్రి పాలు చేయగలదు.

పరీక్షలో ఎలర్జీ లేదని తేలితే చేపలు మానక్కర్లేదు, ఎంచుకోవడం మార్చుకుంటే చాలు. బీచ్ దగ్గర మసాలా పట్టించి పళ్లేల్లో పేర్చిన చేపల్ని చూస్తే నోరూరుతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా అనుమానించాల్సింది ఆ పళ్లేన్నే. 30 డిగ్రీల ఎండలో అది ఎప్పటినుంచి బయట ఉందో మసాలా చెప్పదు. మసాలా పట్టించని చేపని ఐసులోంచి తీసి చూపించమనండి. ఐసు పైన కాదు, ఐసులో కూరుకుని ఉండాలి. చెన్నై మెనూలో కొడువా అంటే మన పండుగప్ప, వవ్వాల్ అంటే చందువ. వీటిలో ఈ ఇబ్బంది తక్కువ. వంజరం కూడా సూర కుటుంబానిదే, కాబట్టి దానికీ ఐసు జాగ్రత్త తప్పదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆగుతుంది. ఆ రోజుల్లో చేప దూరం నుంచి లారీల్లో రావొచ్చు కాబట్టి సూర, కానాగంతల జోలికి పోకుండా రొయ్యలో పీతలో తెప్పించుకోండి.