హీట్ చేసే పొగాకు డివైస్‌లకు హైదరాబాద్‌లో డీలర్‌షిప్ పెట్టొచ్చా?

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెబుతాను. దుబాయ్‌లో ఉన్న మీ బావగారు సిగరెట్ల బదులు ఐకోస్ అనే డివైస్ వాడుతున్నారు, అది పొగాకును కాల్చకుండా వేడి మాత్రమే చేస్తుంది. వాసన తక్కువ, బూడిద ఉండదు, సిగరెట్ కంటే సేఫ్ అంటున్నారు. ఇండియాలో ఇంకా ఎవరూ అమ్మడం లేదు కాబట్టి కొండాపూర్‌లో షాపు తీసుకుని ముందుగా దిగితే మార్కెట్ మీ చేతిలో ఉంటుందని మీ ఆలోచన. మీరూ రోజుకో ప్యాకెట్ తాగుతారు, దీనికి మారిపోదామనుకుంటున్నారు.

షాపు సంగతి సూటిగా చెబుతాను. పెట్టకండి. అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే అసలు ఇవ్వకండి. ఇక్కడ ఎవరూ అమ్మకపోవడానికి కారణం చట్టం. 2019 సెప్టెంబర్ 18న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, అదే ఏడాది డిసెంబర్‌లో అది చట్టమైంది. "అది ఈ-సిగరెట్ల మీద చట్టం, మాది నిజమైన పొగాకు" అని మీ బావగారు అన్నారని రాశారు. దుబాయ్‌లో కూర్చుని చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ చట్టంలో ఈ-సిగరెట్ అంటే ఏమిటో చెప్పిన చోటే హీట్ నాట్ బర్న్ (కాల్చకుండా వేడి చేసే) ఉత్పత్తులు, ఈ-హుక్కా అని పేరు పెట్టి మరీ రాశారు. ఏ పేరుతో పిలిచినా, ఏ ఆకారంలో, ఏ సైజులో ఉన్నా అందులోకే వస్తుందని కూడా రాశారు. తప్పించుకోవడానికి సందు లేదు.

నిషేధంలో ఉన్నవి తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. అమ్మకపోయినా సరే, స్టాకు పెట్టుకున్నందుకే ఆరు నెలల దాకా జైలు, 50,000 దాకా జరిమానా వేరే ఉంది. తెలిసి తన స్థలంలో నిల్వ చేయనివ్వడం కూడా నేరమే, కాబట్టి మీకు షాపు అద్దెకిచ్చే ఆయన కూడా ఇరుక్కుంటాడు. ఆన్‌లైన్లో అమ్మినా, ఇన్‌స్టాలో ఫొటో పెట్టినా అదే చట్టం. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు 100 సిగరెట్ల దాకా డ్యూటీ లేదు కదా, బావగారు వచ్చినప్పుడల్లా కొన్ని తెస్తారు అన్నారు. ఆ మినహాయింపు మామూలు సిగరెట్లకు. దిగుమతే నిషేధమైన వస్తువుకు డ్యూటీ లెక్కలు ఉండవు, శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు ఆపితే అది అక్కడే పోతుంది.

నేను ఈ లైన్‌లో చాలాకాలం పనిచేశాను. ఒక సిగరెట్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర సేల్స్‌మన్‌గా చిక్కడపల్లి, రామ్‌నగర్, ముషీరాబాద్ బీట్ నాది. పొద్దున్నే పాన్ డబ్బాలు, కిరాణా షాపులు, ఇరానీ హోటళ్ల పక్కనుండే కౌంటర్లు తిరిగి సరుకు వేయడం, సాయంత్రం డబ్బులు వసూలు చేయడం. ఇప్పుడు బిస్కెట్లు, సబ్బుల పంపిణీలో ఉన్నాను. ఆ బీట్ పక్కనే ఆజామాబాద్‌లో వీఎస్‌టీ ఫ్యాక్టరీ. వజీర్ సుల్తాన్ టొబాకో అని 1930లో పెట్టిన కంపెనీ, చార్మినార్ సిగరెట్ వాళ్లదే. ఇందిరా పార్క్ నుంచి వచ్చే స్టీల్ బ్రిడ్జి దిగేది కూడా వీఎస్‌టీ జంక్షన్ దగ్గరే, మీరు చూసే ఉంటారు.

ఆ కంపెనీ గురించి ఎందుకు చెబుతున్నానంటే, అందులో అతి పెద్ద విదేశీ వాటా బ్రిటిష్ అమెరికన్ టొబాకోది. ఆ కంపెనీయే జపాన్‌లోనూ ఇంకా చాలా దేశాల్లోనూ గ్లో అనే హీటెడ్ డివైస్ అమ్ముతుంది. ఐటీసీలో కూడా దానికి పెద్ద వాటా ఉంది. మీ బావగారు వాడే ఐకోస్ ఫిలిప్ మోరిస్‌ది, వాళ్లకేమో ఇక్కడ మార్ల్‌బొరో తయారుచేసే గాడ్‌ఫ్రే ఫిలిప్స్‌లో పావు వంతు వాటా ఉంది. అంటే ఇండియాలో సిగరెట్లు తయారుచేసే పెద్ద కంపెనీల వెనకున్నవాళ్ల చేతిలోనే ఈ వస్తువు ఉంది. ఫ్యాక్టరీలు, ఊరూరా డిస్ట్రిబ్యూటర్లు, ఢిల్లీలో లాయర్లు, అన్నీ ఉన్నాయి. మినహాయింపు కావాలని అడుగుతూనే ఉన్నారు, ఇంతవరకూ దొరకలేదు. రేపు ఎప్పుడైనా దొరికిందే అనుకోండి, ఆ సరుకు వాళ్ల పాత డిస్ట్రిబ్యూటర్ల చేతికే వెళ్తుంది. ముందు దిగినందుకు మీకు దక్కేది ఏమీ ఉండదు.

ఇక మార్కెట్ సంగతి. చట్టం లేకపోయినా ఇక్కడ ఇది అంత తేలిగ్గా అమ్ముడుపోయేది కాదని నా అనుభవం చెబుతోంది. పాన్ డబ్బా దగ్గర పావుగంట నిలబడి చూడండి. ప్యాకెట్ అడిగేవాళ్లు తక్కువ. "ఒకటి ఇవ్వు అన్నా" అని లూజ్ తీసుకుని, కౌంటర్‌కి తాడుతో కట్టిన లైటర్‌తో వెలిగించుకుని చాయ్ తాగుతూ వెళ్లిపోతారు. నా బీట్‌లో ఆటో డ్రైవర్లు, హమాలీలు, ఇప్పుడైతే డెలివరీ కుర్రాళ్లు, అందరిదీ ఇదే పద్ధతి. జేబులో ఉన్న చిల్లరను బట్టి ఆ రోజు ఎన్ని తాగాలో నిర్ణయమవుతుంది. హీటెడ్ స్టిక్, అంటే డివైస్‌లో పెట్టి వేడి చేసే పొగాకు పుల్ల, అలా కుదరదు. ముందు వేల రూపాయలు పెట్టి డివైస్ కొనాలి, ఛార్జింగ్ పెట్టాలి, శుభ్రం చేసుకోవాలి, దానికి సరిపోయే స్టిక్కులే కొనాలి. పక్కవాడి దగ్గర ఒకటి అడిగి తీసుకుందామన్నా వాడి దగ్గర అదే డివైస్ ఉండాలి.

పైగా మన దగ్గర పొగాకు అంటే సిగరెట్ ఒక్కటే అనుకుంటే లెక్క తప్పుతుంది. 2016-17లో ప్రభుత్వం చేయించిన సర్వేలో దేశంలో 28.6 శాతం పెద్దవాళ్లు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. నమిలేవాళ్లు 21.4 శాతం, బీడీ తాగేవాళ్లు 7.7, సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం. ఖైనీ, జర్దా, గుట్కా నోట్లో పెట్టుకునేవాళ్లకు ఈ డివైస్‌తో పనే లేదు. బీడీ కట్ట కొనేవాళ్లకు అందే ధర కాదు. మిగిలేది ఆ 4 శాతంలో డబ్బున్న కొద్దిమంది, ఇంకా ఇప్పటిదాకా పొగాకు ముట్టని కుర్రాళ్లు. అందంగా ఉన్న డివైస్, కొత్త ఫ్లేవర్, ఇంట్లో వాసన తెలియదు అనే ధీమా, ఇవన్నీ చూసి ఆగేది ఆ రెండో రకం వాళ్లే. మాదాపూర్, గచ్చిబౌలి వైపు దొంగచాటుగా అమ్మే వేప్‌లు (ఈ-సిగరెట్లు) ఎవరి చేతుల్లో ఉన్నాయో చూస్తే తెలుస్తుంది. ఆ వ్యాపారం మీరు చేయకూడదని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

సేఫ్ అనే మాట గురించి. వెలిగించిన సిగరెట్ కొసన వేడి 600 డిగ్రీలు దాటుతుంది, ఐకోస్ పొగాకును 350 డిగ్రీల దాకా మాత్రమే వేడి చేస్తుంది. కాలదు కాబట్టి కొన్ని విషపదార్థాలు బాగా తగ్గుతాయి, అది నిజమే. 2020లో అమెరికాలో మందులు, పొగాకు మీద నియంత్రణ చూసే ఎఫ్‌డీఏ ఆ కంపెనీకి ఒక మాట చెప్పుకోవడానికి అనుమతి ఇచ్చింది: సిగరెట్ పూర్తిగా వదిలి దీనికి మారితే హానికర రసాయనాలు ఒంట్లోకి వెళ్లడం తగ్గుతుంది అని. జబ్బుల ముప్పు తగ్గుతుందని చెప్పుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. షోరూముల్లో ఈ రెంటినీ కలిపేసి 'సేఫ్' అని ఒక్క మాటలో చెప్పేస్తారు. నికోటిన్ అందులోనూ ఉంది కాబట్టి అలవాటు ఎక్కడికీ పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వీటిని పొగాకు ఉత్పత్తులుగానే చూడాలని చెబుతోంది.

"పూర్తిగా వదిలి" అన్నదే అసలు చిక్కు. మా చిన్నాన్న కొడుకు దుబాయ్‌లో పనిచేసి తిరిగొచ్చాడు. అక్కడ ఉన్నంతకాలం డివైస్ వాడేవాడు. ఇక్కడికి వచ్చేటప్పుడు తెచ్చుకున్న స్టిక్కులు అయిపోయాయి. ఎవరో తెలిసినవాళ్ల ద్వారా తెప్పించుకుంటే అక్కడి రేటుకు ఎన్నో రెట్లు, అవి కూడా ఎప్పుడొస్తాయో తెలియదు. పాతవా, నకిలీవా అనేది చూసుకునే దారీ లేదు. మధ్యలో రోజులు గడవడానికి సిగరెట్. చివరికి ఆఫీసులో బాత్రూమ్ దగ్గర డివైస్, బయట చాయ్ దగ్గర సిగరెట్, రెండూ నడిచాయి. ముందుకంటే తక్కువ తాగుతున్నానని వాడు గట్టిగా నమ్మాడు. కలిపి లెక్క వేసి చూపిస్తే దుబాయ్ వెళ్లకముందు కంటే ఎక్కువైంది.

వేరే దేశాల్లో ఏం జరిగిందో కూడా చూడండి. ఐకోస్ 2014లో జపాన్‌లోని నగోయాలో, ఇటలీలోని మిలాన్‌లో మొదలైంది. జపాన్‌లో నికోటిన్ లిక్విడ్ వేప్‌లను మందుల కింద లెక్కగట్టి కట్టడి చేశారు, ఆ ఖాళీలోకి ఇవి వచ్చి విపరీతంగా పెరిగాయి. ఫిలిప్పీన్స్ 2022లో చట్టం చేసి అమ్మకాలకు దారిచ్చింది, కొనే వయసును 21 నుంచి 18కి తగ్గించింది కూడా. వియత్నాం దానికి పూర్తిగా ఎదురు, 2025 నుంచి వేప్‌లనూ హీటెడ్ పొగాకునూ కలిపి నిషేధించింది. బ్రెజిల్‌లో కూడా నిషేధమే. కాబట్టి "ప్రపంచమంతా ఒప్పుకుంది, మనమే వెనకబడ్డాం" అన్న మీ బావగారి మాట సరి కాదు.

రైతులకు మేలు అనే వాదన కూడా రాశారు. ప్రకాశం, నెల్లూరు రైతుల కష్టాలు చిన్నవి కావు, గుంటూరులో పొగాకు బోర్డు పెట్టి యాభై ఏళ్లయినా వేలం రేట్ల మీద గొడవ తీరలేదు. కానీ హీటెడ్ స్టిక్‌లో పట్టే పొగాకు మామూలు సిగరెట్‌లో దాదాపు సగం. అదీ పొడి చేసి షీటుగా మార్చిన పొగాకు. సిగరెట్ల స్థానంలో ఇవి వస్తే రైతు దగ్గర కొనేది పెరగదు, తగ్గుతుంది.

మామూలు సిగరెట్ అమ్మనిస్తూ, అంతకంటే కొంచెం తక్కువ హాని ఉండొచ్చనే దాన్ని ఆపడం ఏం న్యాయం అని అడిగారు. ఇది నిజంగా సరైన ప్రశ్న, నేనూ చాలా ఆలోచించాను. నా మనసుకు తోచింది ఇది: ఒకసారి డబ్బా డబ్బాకీ చేరిన వస్తువును వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కావడం లేదు. గుట్కా మీద నిషేధం ఉంది, అయినా అడిగే తీరులో అడిగితే ఎక్కడైనా దొరుకుతుంది. స్కూలుకు వంద గజాల లోపల సిగరెట్లు అమ్మకూడదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం చెబుతోంది, నా బీట్‌లోనే ఆ వంద గజాల లోపల ఎన్ని డబ్బాలు ఉండేవో! హుక్కా పార్లర్లు గల్లీ గల్లీకీ వచ్చాక 2024 ఫిబ్రవరిలో తెలంగాణ అసెంబ్లీలో బిల్లు పెట్టి ఆపాల్సి వచ్చింది. మా పెదనాన్న జర్దా వేసుకునేవారు. ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఆయన పక్కన కూర్చున్నప్పుడు ఆ వార్డులో దవడకు కట్టుతో ఉన్నవాళ్లని చూశాను, చాలామంది నాకంటే చిన్నవాళ్లు. దేశంలో ఏటా పొగాకు వల్ల 13 లక్షల మందికి పైగా పోతున్నారు. ఆ వార్డు చూశాక ఇంకో కొత్త రకం పొగాకు రావాలని నేను అనలేను. సిగరెట్ మీద కట్టడి ఇంకా గట్టిగా ఉండాలంటే మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను.

మీ సొంత అలవాటు గురించి రాసిన రెండు వాక్యాలే నాకు ఎక్కువ పట్టాయి. మారదామనుకుంటున్నారంటే మానాలని లోపల ఉందనే కదా అర్థం. దానికి దుబాయ్ నుంచి ఏమీ రానక్కర్లేదు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లయితే 4 మిల్లీగ్రాములది అవసరం కావచ్చు, దానికి డాక్టర్ చీటీ కావాలి. మాత్రలు కూడా ఉన్నాయి, అవి డాక్టర్ చూసి రాయాలి. నేను మానింది గమ్‌తోనే. బబుల్‌గమ్‌లా నమలకూడదు. మెల్లగా నమిలి, ఘాటు తెలియగానే చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట దాకా వేసుకుంటే సరిగ్గా పనిచేయదు. నాకు చాయ్ టైమే గండం కాబట్టి, కొన్నాళ్లు హోటల్ దగ్గర నిలబడి తాగడం మానేసి ఆఫీసులోనే తాగాను.

1800-11-2356 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేయండి. మీరు కొనే ప్యాకెట్ మీదే అచ్చయి ఉంటుంది. మానే తేదీ ఒకటి అనుకోమంటారు, తర్వాత వాళ్లే ఫోన్ చేసి కనుక్కుంటారు. కొండాపూర్ షాపులో వేరే ఏదైనా లైన్ పెట్టే ఆలోచన ఉంటే ఆ ఏరియా, బడ్జెట్ రాయండి. ఎఫ్ఎంసీజీ (బిస్కెట్లు, సబ్బుల్లాంటి రోజువారీ సరుకుల) డిస్ట్రిబ్యూషన్‌లో మార్జిన్లు, అప్పు ఇచ్చే పద్ధతి ఎలా ఉంటాయో నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.