మాత్రలు మొదలుపెట్టాక నిద్ర ఇంకా పాడైంది, మానేయనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. నాలుగు నెలలుగా దేనిమీదా మనసు నిలవడం లేదు. తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వచ్చేస్తోంది. డాక్టర్ డిప్రెషన్ అని ఎస్సిటాలోప్రామ్ రాశారు. రోజూ రాత్రి భోజనం చేశాక వేసుకుంటున్నాను. 12 రోజులైనా గుణం లేదు సరికదా నిద్ర ఇంకా తగ్గింది, కడుపులో తిప్పుతోంది. అలవాటైపోతాయి, మానెయ్యమని అత్తయ్య అంటున్నారు.

జవాబు: ఇప్పుడే మానేయకండమ్మా. ఈ మందులతో ఇబ్బంది ముందొస్తుంది, గుణం తర్వాత వస్తుంది. వికారం, కంగారు, నిద్ర చెదరడం మొదటి ఒకటి రెండు వారాల్లోనే ఎక్కువ. మనసు తేలికపడటం సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో మొదలవుతుంది, పూర్తిగా తెలియడానికి 6 నుంచి 8 వారాలు పట్టొచ్చు. చాలామంది సరిగ్గా మీరున్న చోటే విసిగి ఆపేస్తారు. పడాల్సిన కష్టం పడి, ఫలితం అందకుండా పోతుంది. అదే నాకు బాధ.

ఈ మాత్ర కొందరికి నిద్ర చెడగొడుతుంది. పొద్దున వేసుకోవచ్చా అని రేపే డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి. అప్పటికీ కుదరకపోతే మందు మార్చే వీలుంది.

ఆ 3 గంటల మెలకువ మీ తప్పు కాదు, డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి. ఆ చీకట్లో పక్కమీద దొర్లుతూ, ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ, ఇంకెన్ని గంటలుందో లెక్కపెట్టుకుంటుంటే చిన్న విషయం కూడా కొండంత అవుతుంది. ఆ వేళప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోకండి. లేచి, చిన్న లైటు వేసుకుని వేరే గదిలో కూర్చోండి, కళ్లు మూతలు పడితేనే పక్క ఎక్కండి. రాత్రి ఎలా గడిచినా పొద్దున లేచే టైమ్ మాత్రం మార్చొద్దు. లేవగానే ఓ అరగంట ఆరుబయట వెలుతురులో ఉండండి, ఒంట్లోని గడియారాన్ని సరిచేసేది ఆ వెలుతురే.

అత్తయ్యగారి భయం నాకర్థమైంది. ఇవి మత్తు మందుల్లా ఇంకా ఇంకా కావాలనిపించేవి కావు. కాకపోతే హఠాత్తుగా ఆపితే కళ్లు తిరగడం, తలలో షాక్ కొట్టినట్టుండటం జరగొచ్చు. అందుకే ఆపేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు. బాగయ్యాక కూడా కనీసం 6 నెలలు వాడించేది జబ్బు తిరగబెట్టకుండా ఉండటానికి. ఆవిడను ఒకసారి డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి.

ఇంకొకటి. గతంలో ఎప్పుడైనా రెండు మూడు గంటలే పడుకున్నా అలసట లేకుండా, విపరీతమైన హుషారుతో రోజుల తరబడి గడిపారా? అయితే అది డాక్టర్‌కు తప్పక చెప్పండి, వైద్యమే మారిపోతుంది. కాలు నిలవనంత కంగారుగా ఉన్నా, చచ్చిపోవాలనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఆ క్షణమే ఇంట్లోవాళ్లను లేపి, వాళ్లతో ఆసుపత్రికి వెళ్లండి.