చవితికి నారు, దసరాకి నాట్లు: నాటు టమాటా గురించి

అమ్మాయీ,

మిద్దె మీద నాటు టమాటా వేస్తానని, విత్తనం ఎప్పుడు పొయ్యాలని అడిగావు. ముందు దానికే జవాబు చెప్తాను. మిగతా తప్పులు దిద్దుకోవచ్చు గానీ కాలం తప్పితే ఏ ఎరువూ ఆదుకోదు.

టమాటాకి పూత రావడం వేరు, నిలవడం వేరు. రాత్రిళ్లు 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పిందె చక్కగా కడుతుంది. పగలు 35, రాత్రి 24 దాటితే పుప్పొడి చెడిపోయి పువ్వు కాడతో సహా రాలిపోతుంది. ఫిబ్రవరిలో నాటి, ఏప్రిల్లో ‘పూత రాలుతోంది, ఏం కొట్టాలి’ అని అడిగేవాళ్లందరిదీ ఇదే ఇబ్బంది. కొట్టడానికి మందేమీ లేదు. మదనపల్లెలో వేసవిలోనూ కాస్తుంది కదా అంటావేమో, అది దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, రాత్రిళ్లు చల్లబడతాయి. హైదరాబాదులో నీకు ఆ చల్లదనం దొరికేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. అందుకే వినాయక చవితి వెళ్లగానే నారు పొయ్యి, దసరాకి నాటు. సంక్రాంతికి కాయలు కోస్తావు.

నాటు రకమంటే, కాయలోంచి తీసిన విత్తనం వేస్తే మళ్లీ అదే కాయ కాసేది. హైబ్రిడ్ (రెండు రకాలు కలిపి పుట్టించిన సంకరం) విత్తనం దాచుకుంటే మరుసటేడు ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. ఊళ్లో ఎవరింట్లోనైనా పులుపుగా, గీతలు పడి బొద్దుగా ఉండే పాత కాయ దొరికితే దాన్ని వదలకు. దొరక్కపోతే పూసా రూబీ, అర్కా వికాస్ తెచ్చుకో. అవి పరిశోధన సంస్థలు తయారుచేసినవే అయినా విత్తనం నిలబెట్టుకోవచ్చు. బ్రాండీవైన్ లాంటి విదేశీ పాత రకాలకి కాయ కట్టడానికి ఎక్కువ రోజులు పడుతుంది, వేడికి త్వరగా పూత రాలుస్తాయి. మోజుంటే ఒక్క మొక్క వేసి చూడు, తోటంతా వాటితో నింపకు.

నారు ట్రేలో కోకోపీటు (కొబ్బరి పీచు పొట్టు), వర్మీ కంపోస్టు (వానపాముల ఎరువు) సమపాళ్లలో నింపి, గుంటకి రెండు గింజలు అర సెంటీమీటరు లోతున వెయ్యి. వారంలోపు మొలుస్తాయి. మొలిచిన రోజు నుంచే ఎండలో ఉంచు, నీడలో ఉంటే కాడ సాగి వాలుతుంది. నీళ్లు పొద్దున ఒక్కసారి చాలు. సాయంత్రం కూడా పోస్తే రాత్రంతా తడి నిలిచి నారు కుళ్లు వస్తుంది. మొక్క మెడ దగ్గర నీరు పట్టినట్టు మెత్తబడి, ఒక్క రాత్రిలో పడిపోతుంది. పడిన వాటిని తీసెయ్యి, మిగతా వాటికి గాలి తగలనివ్వు.

ఇంకొకటి, మొలక వచ్చిన నాటి నుంచి ట్రే మీద 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలుండే) నైలాన్ వల ఉండాలి. ఇది అశ్రద్ధ చెయ్యకు. ఆకుముడత వైరస్‌ని తెల్లదోమ మోసుకొస్తుంది. నారు దశలో సోకిన మొక్క పొట్టిగా గిడసబారి, ఆకులు పైకి ముడుచుకుని, పూతే రాకుండా పోతుంది. వైరస్‌కి వైద్యం లేదు. ముడత కనిపించిన మొక్కని జాలిపడి ఉంచుకున్నావంటే పక్కవాటికి పాకుతుంది, ఆ రోజే పీకి సంచిలో కట్టి పారెయ్యి. నాటాక లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టు. పసుపు రంగు జిగురు అట్టలు రెండు మూడు వేలాడదీస్తే దోమ ఎంత ఉందో తెలుస్తుంది.

నాలుగైదు ఆకులొచ్చాక, అంటే 25–30 రోజులకి, నాటెయ్యి. ఒక్కో మొక్కకి పదిహేను అంగుళాల గ్రో బ్యాగు (మొక్కలు పెంచే సంచి). రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కోకోపీటు, సంచికి గుప్పెడు వేపపిండి. కిందటేడు వంగ, మిరప పెంచిన మట్టి వాడకు, వాటి తెగుళ్లూ వేరు బుడిపెల పురుగులూ దీనికీ పడతాయి. కింది ఆకులు గిల్లి, కాడ సగం దాకా మట్టిలో పూడ్చు. పూడ్చిన కాడ పొడుగునా వేళ్లు పుడతాయి. ఐదారు అడుగుల వెదురు కర్ర అప్పుడే గుచ్చు, తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి. ఆకుకీ కాడకీ మధ్య పుట్టే పిలకల్ని వేలెడు కాకముందే గిల్లుతూ రెండు కొమ్మలే ఉంచు. పొట్టిగా గుబురుగా పెరిగే రకమైతే గిల్లక్కర్లేదు.

నీళ్ల దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. రెండు రోజులు మరిచిపోయి మూడో రోజు బకెట్టు కుమ్మరిస్తే నాటు కాయ తోలు పలుచన గనుక పగులుతుంది. కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుళ్లడం కూడా చాలాసార్లు అందువల్లే. మట్టిలో సున్నం (కాల్షియం) ఉన్నా నీరు ఒడిదుడుకులైతే అది కాయ దాకా చేరదు, చేరకపోతేనే ఈ మచ్చ. మొదలు చుట్టూ రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిచి, రోజూ ఒకే వేళకి మొదట్లోనే పొయ్యి. ఆకులు తడిపితే గుండ్రటి వలయాల మచ్చలు పడే ఆకుమాడు తెగులు వస్తుంది.

కాయతొలుచు పురుగుకి బంతి ఎర. టమాటా కన్నా పదిహేను రోజుల ముందు బంతి నారు పోస్తే రెండూ ఒకేసారి పూస్తాయి, తల్లి పురుగు బంతి మీద గుడ్లు పెడుతుంది. చిల్లుపడ్డ కాయని పురుగుతో సహా తీసెయ్యి. పూత మీద ఉన్నప్పుడు పొద్దున తొమ్మిది పది గంటలకి కర్రని వేలితో తట్టు, పుప్పొడి రాలి కాయ కడుతుంది.

కాయ సగం రంగు తిరిగాక కోసి వంటింట్లో నీడన పెట్టు, రెండు మూడు రోజుల్లో పండుతుంది. ఫ్రిజ్జులో పెడితే ఆ వాసనే పోతుంది, దానికోసమే కదా ఇంత పాటు.

విత్తనానికి మాత్రం తెగులు తగలని మొక్క మీద రెండో మూడో గుత్తిలో కాయని పూర్తిగా పండనివ్వు. గుజ్జు గ్లాసులోకి పిండి రెండు మూడు రోజులు పులియబెట్టు. పైన తెల్లటి పొర కడితే గింజ చుట్టూ ఉన్న జిగురు విడిందన్నమాట. కడిగి, మునిగిన గింజల్నే పింగాణీ పళ్లెంలో నీడన ఆరబెట్టు. కాగితం మీద ఆరబెడితే అంటుకుపోతాయి. వారం ఆరాక పొట్లం కట్టి, పైన రకం పేరు, ఏడాది రాయి. నాకూ ఒక పొట్లం పంపు.

ఆశీస్సులతో,
మామయ్య