తా.క. అంటే ఏమిటి? పి.ఎస్. అని రాయవచ్చా?

సందేహం: మా తాతగారు 1978లో రాసిన ఇన్‌లాండ్ ఉత్తరం ఒకటి పాత పెట్టెలో దొరికింది. సంతకం అయిపోయాక, మడిచే అంచు మీద అడ్డంగా 'తా.క. మనియార్డరు అందినట్టు వెంటనే రాయగలవు' అని ఉంది. తా.క. అంటే తాత్పర్య కథనమని ఒకరు, తాజా కబురని ఒకరు చెప్తున్నారు. దాన్ని పి.ఎస్. అంటారని మా అబ్బాయి అంటాడు. మాకు పి.ఎస్. అంటే ఠాణానే. పైగా అదే ఉత్తరం చిరునామాలో 'తా. మహబూబాబాద్, జి. వరంగల్' అని కూడా ఉంది. ఈ 'తా.', ఆ 'తా.' ఒకటేనా? – ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: తా.క. అంటే తాజా కలం. తాజా పారసీ మాట, కొత్తది, అప్పటికప్పటిది అని అర్థం. కలం అరబ్బీ నుంచి వచ్చింది. అరబ్బీలోకి అది గ్రీకు 'కాలమోస్' నుంచి చేరింది. రెల్లుపుల్ల అని దాని అర్థం. కలంకారీలో ఉన్నదీ ఈ కలమే.

ఉత్తరం ముగించి, సంతకం చేసి, కలం పక్కన పెట్టేశాక ఏదో గుర్తుకొస్తుంది. అప్పటికి పాళీ మీద సిరా ఆరిపోయి ఉంటుంది. మళ్లీ సిరాబుడ్డిలో ముంచి రాయాలి. అలా కొత్తగా ముంచిన కలంతో రాసింది కనుక తాజా కలం. తాటాకు మీద గంటంతో రాసేవారికి ఈ మాట పుట్టే అవసరమే లేదు. గంటం గీస్తుందే తప్ప ఆరిపోదు. కాగితం, సిరా వచ్చాకే ఇలాంటి మాటకు చోటు దొరికింది.

మరాఠీలోనూ గుజరాతీలోనూ ఉత్తరం చివర ఇవే రెండు అక్షరాలు, ఇదే విస్తరణ. అయితే మరాఠీలో కలం అంటే అంశం, చట్టంలోని సెక్షను అనే అర్థం కూడా ఉంది. ఆ లెక్కన తాజా కలం అంటే 'కొత్తగా చేర్చిన అంశం' అని చెప్పుకోవచ్చు, అదీ పొసగుతుంది. కానీ తెలుగు ఉత్తరంలో కలం అంటే రాసే సాధనమే. తెలుగు వరకు మొదటి వివరణే సరైనదని నా అభిప్రాయం.

తాజా కబురు అన్నవారిది ఊహే అయినా దగ్గరి ఊహ. తాత్పర్య కథనం మాత్రం బొత్తిగా కుదరదు. పాఠ్యపుస్తకంలో పోతన పద్యం కింద 'తా.' అని ఉంటే అది తాత్పర్యం. ఆ అలవాటు ఇక్కడికి లాక్కురావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇక మీ ఉత్తరం చిరునామాలోని 'తా.' తాలూకా. 1985లో మండలాలు వచ్చాక ఆ 'తా.' చిరునామాల నుంచి తప్పుకుంది, దాని చోట 'మం.' కూర్చుంది. ఆ మహబూబాబాద్ 2016లో తానే ఒక జిల్లా అయింది. అంటే మీ చేతిలోని ఒక్క ఉత్తరంలోనే 'తా.' రెండు చోట్ల రెండు అర్థాలతో ఉంది, ఏ ఒక్కటీ తప్పు కాదు. ఊరిపేరు ముందుంటే తాలూకా, పద్యం కింద ఉంటే తాత్పర్యం, సంతకం కింద 'క.'తో కలిసి ఉంటే తాజా కలం. పక్కన ఏముందో చూడకుండా పొడి అక్షరాలకు అర్థం చెప్పలేం. 'మం.' మాత్రం? చిరునామాలో మండలం, క్యాలెండరులో మంగళవారం. 'గ్రా.' శుభలేఖ మీద గ్రామం, కిరాణా చీటీలో గ్రాములు.

ఇక్కడ తెలుగు పద్ధతి ఒకటి గమనించాలి. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో సాధారణంగా మాటలోని మొదటి వర్ణం మాత్రమే మిగులుతుంది. తెలుగులో గుణింతం, ఒత్తు సహా మొదటి అక్షరం మొత్తం నిలుస్తుంది. క్రీస్తుశకం 'క్రీ.శ.', కీర్తిశేషులు 'కీ.శే.', తేటగీతి 'తే.గీ.'. తాజా కలాన్ని 'త.క.' అని రాస్తే తప్పయ్యేది అందుకే.

ఇప్పుడు మీ అబ్బాయి చెప్పిన పి.ఎస్. అదీ సరైనదే, లాటిన్ 'పోస్ట్ స్క్రిప్టుమ్', తరవాత రాసినది అని అర్థం. ఆ 'పోస్ట్', మన పశ్చాత్తాపంలోని 'పశ్చాత్', పారసీలోని 'పస్' ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. కానీ ఈ రెండు అక్షరాలు దేశానికొక పని చేస్తున్నాయి. జర్మనీలో ఉత్తరం చివరా ఇవే, ఇంజను శక్తికీ ఇవే. 'ప్ఫెర్డెష్టెర్కె' అంటే గుర్రపు బలం. 75 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తు లేపే శక్తి ఒక పి.ఎస్., దాదాపు 735.5 వాట్లు. మన బావి మోటార్ల మీద కనిపించే హెచ్.పి. 745.7 వాట్లు. కాబట్టి కారు వివరాల్లో 100 పి.ఎస్. అని ఉంటే అది సుమారు 98.6 హెచ్.పి. రెండూ ఒకటే అనుకుని పోల్చేవారు ఇక్కడే పొరపడతారు. ఫ్రాన్సులో పి.ఎస్. సోషలిస్టు పార్టీ. ఇటలీలో 'పుబ్లికా సికురెజ్జా', అంటే ప్రజా భద్రత. వాళ్లకూ అది పోలీసు మాటే! భాషలకు అంతర్జాతీయంగా ఇచ్చిన రెండక్షరాల సంకేతాల్లో పి.ఎస్. పష్తో, తెలుగుది టి.ఇ. స్పెయిన్ వారు ఉత్తరం చివర పి.డి. అంటారు. తమిళులు సొంత మాటతో 'పి.కు.' (పిన్ కుఱిప్పు) అని రాస్తారు.

వరంగల్, హనుమకొండల్లో సుబేదారి పి.ఎస్., మట్టెవాడ పి.ఎస్. అని రోజూ పేపర్లో చదివేవారికి ఆ రెండక్షరాలు కనబడగానే ఠాణానే మెదులుతుంది. ఓటరు చీటీ మీద అదే పోలింగ్ స్టేషన్, మంత్రి పేషీలో ప్రైవేటు సెక్రటరీ, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల బోర్డు మీద ఎం.పి.పి.ఎస్.లో చివరి రెండూ ప్రైమరీ స్కూలు. ఇన్ని పనులు చేసే మాటను తెలుగు ఉత్తరంలోకీ తెచ్చుకోవడం కంటే, ఒకే పని చేసే తా.క.ను నిలుపుకోవడమే మేలని నేను గట్టిగా అంటాను.

రాసేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని. తా.క. ఎప్పుడూ సంతకం తరవాతే, కొత్త వరుసలో. సంతకానికి ముందు రాస్తే అది ఉత్తరంలో మరో పేరా అవుతుంది, తా.క. కాదు. రెండు చుక్కలూ పెట్టాలి. చుక్కలు వదిలేస్తే 'తాక' అయి, తాకు క్రియ రూపంగా చదువుతారు. పాత అచ్చులో 'తా॥ క॥' అని రెండు నిలువు గీతలు కనిపిస్తాయి, అదీ తప్పు కాదు. ఒకే ఉత్తరంలో రెండు పద్ధతులూ కలపవద్దు. కంప్యూటరులో 'తా.' తరవాత ఖాళీ వదిలితే వరుస చివర అది విరిగి, 'క.' కింది వరుసలో పడుతుంది. వాక్యం ఈ పొడి అక్షరాలతోనే ముగిస్తే ఉన్న చుక్కే చాలు, ఇంకొకటి అక్కర్లేదు.

విభక్తి చేర్చేటప్పుడు చుక్క తరవాత ఖాళీ లేకుండా కలపాలి: తా.క.లో, తా.క.కు. చదివేటప్పుడు మాత్రం 'తాజా కలంలో' అనాలి. ఇంగ్లీషు అక్షరాలైతే పలికే తీరును బట్టి విభక్తి వస్తుంది. ఇకారం మీద ఆగితే 'కి', లేకుంటే 'కు'. అందుకే డి.సి.కి, పి.ఎస్.కు. ఎస్ అనాలా, యస్ అనాలా అన్నది కూడా చాలామంది అడిగేదే. పదం మొదట్లో ఎ పలికేటప్పుడు తెలుగు నోట యకారం తోడవుతుంది, ఎవరు 'యెవరు' అయినట్టు. ఆ ఉచ్చారణనే రాతలో పెడితే యస్ అవుతుంది. మాట్లాడేటప్పుడు అది సహజం. రాతలో ఎస్ చాలు.

మీ తాతగారి వాక్యంలో మరో సంగతి ఉంది. తా.క. కింద ఆయన ఒక్క విషయమే రాశారు. మనియార్డరు అందిందో లేదో తెలియాలి, అంతే. మరచిపోయినవి రెండు మూడు ఉంటే వాటిని ఉత్తరంలోనే కలిపి తిరగరాయడం మంచిది. ఇన్‌లాండ్ కాగితం మీద మిగిలిన ఆ అంచులో పట్టేదీ ఒక్క వాక్యమే.